మిగిలిన రంగు

వానలు ఎనుకబట్టినంక
గోడలు రోజుకింత జానెడు ఆరుతయి.
శివనగర్ల మా ఇంటికి ఆశ్వీజం
అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు దిగిన వాసనతోని వస్తది.

నేను సున్నం నానబోస్త.
శోభ బూజుకట్టె ఎత్తి
"నిరుటి సాలీడే ఇది, గుర్తువట్టిన" అంటది.
దాన్నేమనది.
దాని ఇల్లు మాత్రం పీకుతది.

ఫ్లెక్సీలు రాకముందు
ఈ పేట పేర్లన్నీ నాయిన డబ్బాల్నించే లేచి
గోడలెక్కినయి:
కిరాణం, టైలరు, పండ్ల డాక్టరు,
'అప్పు రేపు'.
ఓ ఎలక్షన్ల ఒకటే గోడకు
పగలు ఒక పార్టీ, రాత్రి ఇంకోటి.
పైసలు ఎవరిచ్చినా ఇయ్యకున్నా
అడుగున మిగిలిన రంగు ఇంటికొచ్చేది.

అట్ల మా తలుపు టైలరు నీలం.
కిటికీ ఎరువుల దుకాణం ఆకుపచ్చ.
సరూపక్క పుస్తకాల అల్మార
ఏ లారీదో పసుపు, ఇంక 'హారన్' అని కూడ
రాసి పెడ్తనన్నడట నాయిన,
అక్క రెండు రోజులు అన్నం తినలె.

ఇప్పుడవి డబ్బాలు గావు, కుండీలు.
ఆయన పోయిన ఏడు
అమ్మ మేకు వెట్టి అడుగులకు పొక్కలు కొట్టింది,
ఒక్కో దెబ్బకు ఒక్కో మాట అడిగినట్టు.
ఎర్ర ఆక్సైడుల బంతి.
సిల్వర్‌ల సీతమ్మజడ, మెడ వాల్చి.
నల్లదాంట్ల ఏమేసినా బతుకది,
ఈసారి మిరపనారు వెట్టిన, చూడాలె.
గునుగునైతే ఎవ్వలు పెట్టలె.
మెట్టు పగిలిన సందుల అదే లేచింది.
కలుపని పీకబోతే
"ఉండనీయ్ రా, దాని నెలొచ్చింది" అన్నది అమ్మ.

మా హర్షిణికి గునుగుకు రంగద్దాలని ఉన్నది.
"మీ తాతను అడుగు" అని నవ్వుతది అమ్మ.
ఒకేడు పొడిరంగు దొరకలేదని
ఆయన పూలన్నిటిని ఎనామిల్ పెయింటుల ముంచిండు.
ఆరలేదవి.
వాడకట్టు ఆడోళ్లందరు
మూడొద్దులు నీలం చేతులతోని అన్నం కలిపిండ్రు.
ఉర్సు చెరువుల అందరి బతుకమ్మలు మునిగినయట,
మాది మాత్రం మెరుసుకుంట, తేలుకుంట
అద్దరికి పోయిందట.
"మునగని బతుకమ్మను జూసి
ఏడ్వాల్నో నవ్వాల్నో తెలువలె బిడ్డా."

గడప నా వంతు.
పసుపు మీద ఎర్ర తామరలు, నాయిన గీసినయే.
ఏటేటా వాటి మీదనే కుంచె నడిపిస్త.
ఎడమ దిక్కు చివరి రేకొకటి
గీత తప్పి చౌకటు మీదికి జారింది.
అది ఆయన ఆఖరి దసర.
చెయ్యి వణికిందని
ఆ రేకును నేను ముట్టను.
ఎనిమిదేండ్లాయె,
దాని చుట్టు కుంచెను
నిద్రపోయే పిల్లను దాటినట్టు దాటిస్త.

తంగేడు కోసం మామునూరు రోడ్డు దాకా పోయి
మోపుతోని తిరిగొచ్చేవరకు
హర్షిణి గడప కాడ గొంతుకూసున్నది.
రేకు లేదు.
చౌకటంత కడిగినట్టు శుభ్రం.
"తప్పుంటే సరిచేసిన బాపూ."

నా చేతుల తంగేడు బరువయింది.
కోపమా, ఏమో, నోరు తెరిస్తే ఏదొస్తదో అని
అమ్మ దిక్కు జూసిన.
ఆమె బీరపువ్వుల ఈనె తీసుకుంట, తల ఎత్తకుంటనే,
"ఏ రేకురా? పిల్లి తోక తాకిందే, అదా?
ఆ పొద్దంత దాన్ని తిట్టుడే ఆయన.
చెయ్యి వణుకుడేంది, పోయేనాటికి గూడ
నీ అసొంటోళ్లు నలుగురి పని చేసేటోడు."

శోభ మొఖం అటు తిప్పుకున్నది, భుజాలు ఊగుతున్నయి.
ఎనిమిదేండ్లు నేను పిల్లితోకకు మొక్కిన.

నాకు నవ్వొచ్చింది, కొంచెం ఆలస్యంగ.
అయినా ఆ జాగల చౌకటు బోసిగుంటే
చూపు ఊరికే ఊరికే ఆడికే పోతున్నది.
మిగిలిన ఎరుపు డబ్బా అడుగున ఇంత మీగడ కట్టింది.
కుంచె కొనతోని చీల్చిన.
కింద ఇంకా పచ్చిగనే ఉన్నది.

సరూపక్క ఆటో దిగుతున్నది, సంకల సత్తుపిండి డబ్బా.
"ఆగు ఆగు" అని అందరం ఒకటేసారి ఒర్లినం.
గడప ఆరలె.
దాటి రా.