నూట ఇరవై ఎనిమిది

కల్యాణమండపం వెనక గది.
గాడిపొయ్యి సెగ, సాంబారు వాసన,
ప్లాస్టిక్ కుర్చీ మీద నా ల్యాప్‌టాప్.
జాక్‌లన్నీ ముందు తుడవాలి.
ఈ ఊరి ఉప్పుగాలికి
ఇత్తడి కూడా జలుబు చేసినట్టు గరగరమంటుంది.

రెండు కీబోర్డులు, ఒక ఆడియో పెట్టె,
ఆరు వైర్లు, గాజువాకలో అతికించుకున్న ఏడోది.
తెర మీద వరసగా నిలబడ్డారు నావాళ్ళు:
పదహారు వయొలిన్లు, నాలుగు ట్రంపెట్లు.
ఒక్కరికీ భోజనం కూపన్ అక్కర్లేదు.

ఒకప్పుడు ఈ గది గుమ్మంలో
పద్నాలుగు జతల చెప్పులుండేవి.
ఇప్పుడు మూడు.
పాడే సువార్త,
వాయించే నేను,
ఊదే తాతబ్బాయి గారు.

ఊదడమంటే క్లారినెట్ కాదు.
అది పూర్ణా మార్కెట్ వెనక సందులో
ఆయన మంచం కింద, పాత పంచెలో చుట్టి ఉంది.
ముందుపళ్ళు నాలుగూ పోయాక
రీడు మీద పెదవి నిలవడం మానేసింది.
వేళ్ళ కణుపులు బిగుసుకున్నాయి.
"ఊపిరి మట్టుకు ఉందమ్మా,
దాన్నేటి సేసుకోమంటావు?" అన్నాడొక రోజు
జగదాంబ దగ్గర
గ్లాసులోకి ఊది టీ చల్లార్చుకుంటూ.

ఆ ఊదడం చూసే తెప్పించాను
ఒక సన్నటి గొట్టం, దాని చివర అగ్గిపెట్టెంత యంత్రం.
ఆయన గాలి ఎంతో అది కొలుస్తుంది.
స్వరం ఏదో నా వేలు చెబుతుంది.
ఇద్దరి మాటా విని
ఎక్కడా లేని క్లారినెట్ ఒకటి పలుకుతుంది.

మొదటి రోజు, కంచరపాలెంలో, మా మేడ మీద
పలికింది గానీ
ఆయన గొట్టం తీసి అనుమానంగా చూశాడు.
"ఇది ఇని, ఆలోసించి, అప్పుడు పలుకుతంది.
కలెక్టరాఫీసు గుమస్తా లాగ."

సెట్టింగుల్లో వెయ్యి ఇరవై నాలుగు ఉంది.
చెప్పాను: ధ్వనిని గుప్పెళ్ళుగా పోగేసి పంపుతుందండీ,
గుప్పెడు పెద్దదైతే ఆలస్యం,
చిన్నదైతే దీనికి ఊపిరాడదు.
"అంతేనా! కుంచం నిండాలంటే ఆగాల.
సోలతో కొలిస్తే సెయ్యి పీకుతాది."

ఐదు వందల పన్నెండు. తల అడ్డంగా ఊపాడు.
రెండు వందల యాభై ఆరు. "దగ్గిరికొచ్చినాది."
నూట ఇరవై ఎనిమిది.
ఏమీ అనలేదు, కళ్ళు మూసుకున్నాడు.
అరవై నాలుగుకి దింపితే
తిరగమోత పడ్డ మూకుడులా చిటపటలాడింది.
వెనక్కొచ్చి నూట ఇరవై ఎనిమిది దగ్గరే ఆగాం.
లెక్కకి మూడు మిల్లీసెకన్లు.

"మూడేనా" అని నవ్వాడు.
చిన్నప్పుడు దర్గా కొండెక్కి షిప్‌యార్డు చూసేవాడట.
అంత దూరంలో సుత్తి పడేది.
మళ్ళీ పైకి లేచేది.
లేచాక అప్పుడు వినబడేది దెబ్బ.
"సుత్తి కిందికి పడితే కాదు,
పైకి లెగిస్తే మోగుతాదని
అనుకునీవోణ్ణి సానాకాలం."

ఈ రాత్రి, మూడో పాట మధ్యలో
ఒక బుడ్డోడు స్టేజీ అంచు పట్టుకుని
గుడ్డ ఎత్తి, స్పీకరు వెనక వెతికి,
"క్లారినెట్ ఏదీ?" అన్నాడు.
తాతబ్బాయి గారు నోరు తెరిచి
పళ్ళ సందు చూపించాడు.
వాడు పారిపోయాడు.
ఆ నవ్వు గొట్టంలోకి వెళ్ళి
నా గాంధారం మీద చిన్న వణుకై వచ్చింది.
నేను నేర్పించలేదు, ఆయన ఊదలేదు.
సువార్త పాడుతూనే మాకేసి తిరిగి చూసింది.

పదకొండు దాటింది.
మైకులు కట్టేశాం. వయొలిన్లు నిద్రపోయాయి.
వైర్లు చుడుతూ తెర వంక చూశాను.
నా వేళ్ళు కీల మీద లేవు.
అయినా ఒక ఆకుపచ్చ గీత
లేస్తోంది, దిగుతోంది,
కాస్త ఆగి, మళ్ళీ లేస్తోంది.

కుర్చీలో ఆయన కునుకు తీస్తున్నాడు.
గొట్టం ఇంకా పెదాల మధ్యే ఉంది.

బయట ఆటో ట్రాలీ వాడు హారన్ కొడుతున్నాడు,
లోడెత్తాలి.
ఇంకొక్క నిమిషం అని చేయి ఊపాను.