సున్నా దగ్గర ముల్లు

మా నాన్న బస్సులో స్పీడోమీటరు ముల్లు
నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడే చచ్చిపోయింది.
సున్నా మీద వాలి, గోడమీద బల్లిలా, కదలదు.
"అయితే మనం ఆగున్నట్టేనా నాన్నా?"
"అది సున్నాయే సూపిస్తాది గానీ
నువ్వు బయటికి సూడు, తాటిచెట్లు ఎటెల్తన్నాయో."

సాలూరు నుంచి సాయంత్రం ట్రిప్పు.
రేపు భౌతికశాస్త్రం పరీక్ష.
ఇంజను మూత మీద గోనెపట్టా, దానిమీద నేను,
నా ఒళ్లో చలనం పాఠం,
అక్షరాలు కూడా ఇంజనుతో పాటు వణుకుతూ.

రామభద్రపురం దాటాక
నాన్న చేతి గడియారం విప్పి ఇచ్చాడు.
"రాయి కనపడగానే సూడు. మళ్లీ రాయి కనపడగానే సూడు."
పసుపు తల రాయి నుంచి పసుపు తల రాయికి
వంద సెకన్లు.
వెయ్యి మీటర్లని వందతో భాగిస్తే, సెకనుకి పది.
అంటే నేను 'ఒకటీ' అని సాగదీసేలోపు
పది మీటర్ల చింతనీడ
మా కాళ్లకింద నుంచి జారిపోతోంది.
గంటకైతే ముప్పై ఆరు.
"ముప్పై ఆరా? నాను ముప్పై అయిదనుకున్నాను"
అన్నాడు, ఒకటి తప్పినందుకు సిగ్గుపడి.

వడి, వేగం ఒకటి కాదంటుంది పుస్తకం.
మూడుసార్లు చదివినా బుర్రకెక్కలేదు.
పైకి చదువుతుంటే, గేరు మారుస్తూ నాన్న:
"పొద్దున్న సాలూరు ఎల్లినప్పుడూ ఇదే జోరు,
ఇప్పుడూ ఇదే జోరు.
రెండూ ఒకటెలగౌతాయే గుంటా?
అప్పుడు ఇల్లు దూరమౌతాది,
ఇప్పుడు దగ్గరౌతాది."

తొమ్మిది తప్పిన మనిషి.
పుస్తకం అంచున పెన్సిలుతో రాసుకున్నాను: దిశ.

మానాపురంలో సన్యాసమ్మ ఎక్కింది,
రెండు చేతులా పొదివిన గుడ్లబుట్టతో.
సీటిస్తామన్నా కూర్చోదు, ఒళ్లో నలుగుతాయట.
రాడ్డు పట్టుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.
బస్సు కదిలింది,
పాలమీద మీగడ కదిలినట్టు.

"ఎంత జోరుగా ఎల్లినా ఒంటికి తెల్దు," అన్నాడు నాన్న,
"జోరు మారితేనే తెలస్తాది."
కళ్లు మూసుకున్నాను. నిజమే,
ఈ వణుకొక్కటీ లేకపోతే
వంటింట్లో పీట మీద ఉన్నట్టే.
కండక్టరు సత్యవతి చేతిలోంచి జారిన రూపాయి
వెనక సీటుకి ఎగిరిపోలేదు,
ఆమె చెప్పు పక్కనే పడింది.
అదీ మాతోనే వస్తోంది, టిక్కెట్టు లేకుండా.

చంపావతి వంతెనకి ముందు,
రోడ్డు మధ్య ఒక దూడ.

పది, సున్నా కావాలి.
రెండు సెకన్లలో అయితే సెకను సెకనుకీ అయిదు తగ్గాలి:
నేను అద్దం మీద, నామీద గుడ్లు.
అయిదు సెకన్లలో అయితే రెండే తగ్గితే చాలు,
కానీ ఇరవై అయిదు మీటర్ల రోడ్డు కావాలి.
ఆ ఇరవై అయిదు మీటర్లూ
ఆయన ముందే కనిపెట్టి దాచి ఉంచాడు,
పొద్దుటి టిక్కెట్లకి చిల్లర దాచినట్టు.
కాలు బ్రేకు మీద పడలేదు. వాలింది.

దూడ మావైపు చూసి, ఆలోచించి, పక్కకి పోయింది.
"ఏటి బావూ, ఆపీసినావేటి?"
సన్యాసమ్మకి ఆగాకే తెలిసింది ఆగామని.

"దీన్ని ఋణత్వరణం అంటారు నాన్నా."
"రునమా? ఎవులికే మనం బాకీ?"
చెప్పబోయి, గుడ్లవైపు చూసి
ఊరుకున్నాను.

రాత్రి లాంతరు వీధిలో, మా ఇంట్లో, చివరి లెక్క చేశాను.
రెండు రానూపోనూలు, రెండొందల ముప్పై చిల్లర కిలోమీటర్లు.
బయల్దేరింది ఈ గుమ్మం నుంచే, చేరిందీ ఈ గుమ్మానికే.
స్థానభ్రంశం సున్నా.
పుస్తకం లెక్కన మా నాన్న ఇవాళ ఎక్కడికీ వెళ్లలేదు,
ఆ ముల్లు చెప్పినట్టే.

జవాబు సరైనదే. రెండుసార్లు సరిచూసుకున్నాను.

కంచం ముందు కూర్చుని కునికిపాట్లు పడుతున్నాడు ఆయన.
కుడికాలు మాత్రం
నేలమీద మెల్లమెల్లగా వాలుతోంది,
ఇంకా ఎవరో
వెనకాల నిలబడే ఉన్నట్టు.