నూట ఎనభయ్యో రోజు

ఆదిభట్ల దాటినంక, రేకుల హ్యాంగర్ల
పచ్చ తివాచీ మీద
ఎలియాజర్ సారు రిజర్వు ముందటేసుకొని కూసున్న.
వాడిన, వాడకున్న
నూట ఎనభై రోజులకు ఒకపారి ఇప్పాలె,
ఆరబెట్టాలె, మళ్ళ మడవాలె.

జేబుల కార్డు ఉన్నది.
ఆఖరి గీత మీద ఆయన సంతకం,
తోక గొడుగు పిడి లెక్క వంగి.
ఆ తారీఖుకు ఇయ్యాళ్టికి నడుమ
ఒక వానాకాలం,
గాంధీ దవాఖానల పదకొండు రోజులు,
నారాయణగూడ సమాధుల కాడ ఒక పగటీలి.
పదకొండు వందల నలభై జంపులు చేసిన మనిషి
దోమ కుట్టి పోయిండు.
నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక తన్వీర్
"యే భీ కోయీ బాత్ హై, సాబ్" అన్నడు,
మొగులుకు కాదు, నేలకు.

రిజర్వును ఫ్లోరమ్మ ఆటోల పంపింది,
"ఇంట్ల పెట్టుకొని నేనేడికి దుంకాలె" అనుకుంట.

నేను జనరల్ బజార్ల చీరలు మడిచేదాన్ని.
కొననోళ్ళు ఇప్పి కుప్పబోసినయన్నీ
పొద్దుగూకేసరికి మళ్ళ కొత్తయి అయితుండె నా చేతుల.
గద్వాల చీర కోసం వచ్చి
చీర సూడకుంట నా ఏళ్ళు సూసిండు.
"బాలమణీ, నలభై గజాల గుడ్డ ఉన్నది, మడుస్తవా?
కట్టేది కాదు, మోసేది."

మొదటి నెల మడిచిందల్లా ఇప్పిచ్చిండు.
"చీర మడతను యాదికి పెట్టుకోవాలె.
ఇది మడతను మర్చిపోవాలె, చిటికెల."
తాళ్ళను జడపాయల తీరు పట్టి,
గుడ్డలున్న గాలిని మోకాళ్ళతోటి నూకి,
పసిపిల్లను పండబెట్టినట్టు కాదు,
పామును బుట్టల పెట్టినట్టు పెట్టుమనేది.

ఐతారం ఐతారం వస్తరు అందరు.
కూకట్‌పల్లి హాస్టల్ నుంచి బైకు మీద ఇద్దరు పోరలు,
పండ్ల డాక్టరు వకుళ,
ఫజర్ నమాజు నుంచి సీదా తన్వీర్.
మొదటిసారి ఏది చేసినా,
పల్టీ గొట్టినా, కొత్త హెల్మెట్ పెట్టినా, జొన్న చేన్ల దిగినా,
ఒక ట్రే ఉస్మానియా బిస్కిట్లు బాకీ.
ఆ పుస్తకంల సారు పేరు మీద ఇంకొక ట్రే ఉన్నది.
ఎవరు కొట్టెయ్యలే.

"నువ్వెప్పుడు దుంకుతవక్కా?" అంటరు.
కింద ఎవరో ఒకరు లెక్కవెట్టాలె గద.
విమానం చుక్కయినంక మెడలు ఇరగ సూస్త.
ఏడుగురు పోతే ఏడు గొడుగులు.
ఏడోది ఇచ్చుకునేదాక
నాలిక అంగిట్ల అంటుకొనే ఉంటది.

ఆయన పోయిన మూడో ఐతారం
పైన ఏడుగురు చేతులు పట్టుకొని గుండ్రం కట్టిండ్రట,
వకుళకు తన్వీరుకు నడుమ
ఒక మనిషి జాగ ఇడిచిపెట్టి.
ఆ సందు నాకు కిందికెల్లి కనవడలే.
నేను ఎనిమిది లెక్కవెట్టిన.
మళ్ళ లెక్కవెట్టిన.
గద్ద అయితది, అన్నడు మెకానిక్ అంజనేయులు.
అయితదేమో.

ఇయ్యాళ ఎర్రదారం తెంపిన.
సీసం ముద్ర టప్పున రాలింది.
పిడి గుంజిన.
స్ప్రింగు ఎగిరిపోయి గోడను తన్నింది,
బయట కుక్క మొరిగింది.
దానెంబడి తెల్లగుడ్డ, బరబర,
ఆర్నెల్లు ఊపిరి బిగవట్టినట్టు.

ఏమన్న దొరుకుతదనుకున్న.
పెన్ను మూతనో, ఒక తెల్ల ఎంటికనో.
దులిపిన.
ఏం లేదు.
మూసే ముంగట పనిముట్లు
రెండుసార్లు లెక్కవెట్టే మనిషాయె,
ఏం మర్చిపోతడు.

మడతలు ఉన్నయి గని.
ఎడమ చేతివాటం మడతలు, ఎనుకకు తిరిగి.
ఫ్యాను కింద పరిస్తే పోతయి.
జరసేపు కూసున్న.
మళ్ళొచ్చే ఐతారం ఇది ఏసుకునేది
కూకట్‌పల్లి చిన్నపోరడు, వాని మొదటి సొంత జత.

ఫ్యాను ఏసిన.

మడిచి, కుట్టి, ముద్ర ఏసినంక
కార్డు మీద తారీఖు రాసిన.
సంతకం పెట్టే ముంగట పనిముట్లు సూసుకున్న.
ఆరు.
మళ్ళ ఆరు.

బయట గాలి లేసింది, ఇయ్యాళ ఎగురుడు లేదంటున్నరు.
మంచిదే.
ఇంక మూడు మెయిన్లు మడిచేది ఉన్నది.