దర్జీ కొట్టులో గర్భసంచి

మలావీ సరస్సు మీంచి గాలి లేచినప్పుడల్లా
మా నర్సింగ్ కాలేజీ రేకులు టపటపలాడతాయి.
పాఠం ఆపి, గాలి చెప్పుకునేదంతా చెప్పుకోనిస్తాం.

నలభై రెండు మంది పిల్లలకి
ఒకే ఒక్క రబ్బరు బొమ్మ.
పిల్లలు దానికి పెట్టిన పేరు అత్తగారు.
ఎన్ని సూదులు గుచ్చినా ఉలకదు పలకదు,
మోచేతి నరంలోంచి మాత్రం రోజంతా ఎర్రనీళ్లు కారుస్తుంది.

ఓర్లా వచ్చింది ఫిబ్రవరిలో, వానల్లో,
ముప్పై నాలుగేళ్లు కాన్పులు చేసి రిటైరైన చేతులతో,
రెండు పెట్టెల నిండా సామానుతో.
విప్పి చూశాం.
గడువు దాటిన గ్లౌజులు,
ఈ జిల్లాలో ఎక్కడా దొరకని బ్యాటరీ అడిగే యంత్రం,
మంచులో నడవడానికి ఎవరో దానమిచ్చిన ఉన్ని మేజోళ్లు.
నేను నవ్వలేదు.
స్టోరు రూములో చోటు లేదని మాత్రం చెప్పాను.

తెర మీద బొమ్మలు వేసి పాఠం మొదలెట్టింది.
కరెంటు పోయింది.
మర్నాడూ పోయింది.
మూడో రోజు వెనక బెంచీలో లుసుంగు పక్కన ఇరుక్కుని కూచుని
"ఇలాంటప్పుడు మీరెలా చెప్తారు?" అని అడిగింది.
పదకొండేళ్లుగా పాఠాలు చెప్తున్నాను.
వచ్చిన అతిథుల్లో ఆ మాట అడిగినవాళ్లు లేరు.

శనివారం ఇద్దరం సంతకెళ్లాం.
ఎర్ర చితెంజె గుడ్డ మూడు గజాలు,
చిరిగిన పరుపులోంచి దూది.
ఓర్లా గీసిన కాగితాన్ని కామంగా గారు
అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.
"పొగాకు సంచీనా? నోరు ఇంత సన్నమేమిటి?"
"మీరూ ఇందులోంచే వచ్చారు" అన్నాను.
ఆయన టోపీ తీసి మిషను మీద పెట్టి
కత్తెర అందుకున్నాడు.

పన్నెండు గర్భసంచులు.
లోపల నాడా: లాగితే బిగుసుకుంటుంది, వదిలితే జారిపోతుంది.
రాత్రుళ్లు హాస్టల్లో కళ్లు మూసుకుని తడిమేవాళ్లు.
ఇది మెత్తన. ఇది గట్టి.
ఇక్కడ అరచెయ్యి. ఇక్కడ పిడికిలి.

ఆమె చేసిన మిగతా పనులు
ఫొటోలో పడేవి కావు.
జవాబు పత్రాలు దిద్దింది.
కొత్త మందుల సంగతి నేర్చుకోడానికి
నేను పెద్దాసుపత్రికి బస్సెక్కితే
మూడు రోజులు నా క్లాసులు చూసుకుంది.
లుసుంగు ఆఖరి ఫీజు ఎవరో కట్టారు, రసీదు మీద పేరు లేదు.
వార్డు పద్నాలుగు కిలోమీటర్ల దూరమని తెలిసి
మినీబస్సు డబ్బులు కూడా ఆ కవర్లోనే పెట్టారు.
ఫీజు కట్టేవాళ్లకి మామూలుగా బస్సు గుర్తుండదు.

జూన్‌లో వెళ్లిపోయింది.
నాలుగు మాటలు చెప్పమంటే
లేచి నిలబడి, ముక్కు చీదుకుని, కూచుంది.

ఆగస్టులో ఓ రాత్రి, రెండున్నర.
పెద్ద నర్సు పక్క గదిలో ఇంకో కాన్పు దగ్గర.
పందొమ్మిదేళ్ల బాలింత, దుప్పటి కింద పరుపు తడిసిపోతోంది.
"మెత్తగా ఉంది, రండి!" అని ఒక్క కేక వేసి
తియెజ్గే చేతులు పెట్టేసింది.
దీపం కోసం ఆగలేదు.

తెల్లవారి బాలింత గంజి తాగుతుంటే
మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూ నాతో అంది:
"అంతా అదే, మేడమ్.
కామంగా గారి కుట్టు ఒక్కటే చేతికి తగల్లేదు."

నిన్న ఓర్లా ఉత్తరం.
ఈసారి ఏం పంపమంటావు, అని.

దర్జీ కొట్టులో మేకుకి
బడిపిల్లాడి చొక్కా కాలరుకీ, చర్చి గౌనుకీ మధ్య
ఆ కాగితం ఇంకా వేలాడుతోంది, అంచులు నలిగి.
సెప్టెంబరులో కొత్త బ్యాచి వస్తుంది, యాభై మంది.

రాశాను:
కామంగా గారి మిషను బెల్టు తెగింది, కొలత ఇదిగో.
వీలైతే నువ్వే తీసుకురా.
పెట్టె ఒక్కటి చాలు.
మేజోళ్లు మాత్రం పనికొచ్చాయి,
చలి రాత్రుళ్లు డ్యూటీలో
లుసుంగు వేసుకుంటోంది.