ముద్దలో రూపాయి

పలాసలో రైళ్లన్నీ ఆపేసిన రాత్రి,
తుపాను ఇంకా కళింగపట్నం దగ్గరే ఉందని రేడియో అంటోంది.
మెస్సులో అన్నం అయిపోయింది, కరెంటు పోయింది.
మిగిలింది అరబస్తా బంగాళాదుంపలు, రెండు కాబేజీలు, నేను.

తడిసిన సంచీతో వచ్చినవాడు
పేరు డోనల్ అన్నాడు, ఊరు ఐర్లాండన్నాడు.
ఢిల్లేశు చాలాసేపు దాన్ని హాలండే అనుకున్నాడు.
పొయ్యి వైపు చూపించి, గుండె మీద చెయ్యేసుకుని
వండనా అన్నట్టు కనుబొమలెత్తాడు.
ఇరవైరెండేళ్లలో నా గరిటె అడిగిన మగాడు వాడొక్కడే.
ఇచ్చాను.

దుంపలు ఉడికించి పప్పుగుత్తితో మెదిపాడు
నుదుటి చెమట ముక్కు దాకా జారేలా.
కాబేజీ సన్నగా తరిగి, ఉల్లికాడలు పాలలో మరిగించి,
అన్నీ కలిపి గుట్ట చేసి, నడుమ గుంట తవ్వి
కాశీబుగ్గ వెన్న,
రేపటి దోసెలకని దాచిందంతా,
అందులో పోసేశాడు.
నేను అటు చూడలేదు.

జీడిబట్టీ నుంచి ఇల్లు చేరలేని ఆడవాళ్లు నలుగురు,
ఢిల్లేశు, నేను, ఆ తెల్లాయన. ఒక్క కొవ్వొత్తి.
"కారవేదీ? బాలింత పత్తెం లాగుంది" అంది దాలమ్మ.
అని మళ్లీ పెట్టించుకుంది.

మూడో ముద్దకి ఆమె దవడ ఆగింది.
కాగితం చుట్టిన రూపాయి బిళ్ల,
జీడి తినేసిన నల్లటి వేళ్ల నడుమ.
మా వైపు బిళ్ల పెట్టేది పాడె మీద, నుదుటికి.
ఎవరూ మాట్లాడలేదు.

కంగారుపడి ఫోను చేత తెలుగు చెప్పించాడు:
అక్టోబరు చివర వాళ్లింట్లో ఇలాగే దాస్తారట,
బిళ్ల దొరికితే సిరి, ఉంగరం దొరికితే పెళ్లి.
"ఉంగరం ఎట్టలేదు, బతికించినావు బావూ!"
కొవ్వొత్తి ఆరిపోయేంత నవ్వాం.

ఆ చీకట్లోనే, వాన కాస్త సన్నబడ్డాక,
ఒకప్పుడు వాళ్ల దుంప మట్టిలోనే కుళ్లిందని,
ముత్తాత ముందువాళ్లు ఓడెక్కారని, ఉత్తరం రాలేదని
ఫోను గొంతు తడి లేకుండా చదివింది.
"మా తాతా అంతే, రంగం ఎల్లిపోనాడు" అంది దాలమ్మ.
ఫోనుకి ఏ రంగమో తెలియలేదు.
మీ తాత నాటకాలాడేవాడా అని అడిగాడు వాడు.
ఎవరం సరిదిద్దలేదు.

తెల్లారి పది దాటాక రైలు కదిలింది.
ఆ రూపాయిని దాలమ్మ కొంగున దాచుకుందని చెబితే బాగుండును.
లేదు. ఆ పూటే చుట్టకి అగ్గిపెట్టె కొంది.

నేను గిన్నె అడుగు మాడు గీరి
పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తిన్నాను.
వెన్న బాగానే పట్టింది.