చదివి వినిపించు

చిలోయె దీవిలో వాన గురించి ఎవరూ మాట్లాడుకోరు.
మొదలుపెడితే ఇంకో మాటకి చోటుండదు.

ఆ సాయంత్రమూ పడుతోంది
బడి జిమ్ము రేకుల మీద.
బాస్కెట్‌బాల్ కమ్మీకి వేలాడుతోంది మా శాఖ బ్యానరు:
"ప్రజాభిప్రాయ సేకరణ."
ఏ ఊరికైనా పనికొస్తుందని
ఊరి పేరు లేకుండా కుట్టించాం.

నేను సముద్ర వనరుల కార్యాలయంలో
మినిట్సు రాసేవాణ్ణి. ఇరవై రెండేళ్లు.
సభ మొదలవకముందే సగం పేజీ నిండేది:
"హాజరైనవారు తమ సూచనలు తెలియజేశారు.
అధికారులు వాటిని నమోదు చేసుకున్నారు."
ఖాళీ వదిలేది తేదీకీ, తలల లెక్కకీ.

అఖాతంలోకి ఇంకో పద్నాలుగు సాల్మన్ పంజరాలు రావాలి.
నోటీసు ఇచ్చాం, చట్టం చెప్పినట్టే,
ఆఫీసు అద్దం తలుపుకి, లోపలి వైపు,
అక్షరాలు మాకేసి తిరిగి.
ఎవరంటించారో నాకు తెలుసు. నేనే.
బయట తడికి జిగురు నిలవలేదు,
ఏ వైపు తిప్పానో చూసుకోలేదు.

అయినా వచ్చారు.
తడిసిన ఉన్ని వాసనతో, పొయ్యి పొగ వాసనతో,
నాచు ఏరే ఆడవాళ్లు, గుల్లల కోసం మునిగే మగవాళ్లు.
ముప్పై కుర్చీలు వేస్తే నూటపది మంది.
మిగిలినవాళ్లు ఆట గీతల మీద నిలబడ్డారు.

డైరెక్టరు ఒయార్సూన్ తెర మీద బొమ్మలు చూపించాడు,
మనిషికి రెండు నిమిషాలన్నాడు.
మాట్లాడారు. గంట కొట్టాం. కూర్చున్నారు.
గోడకి చెప్పుకుంటే గోడైనా తిరిగి మోగుతుంది,
మేం శిక్షణ పొందిన గోడలం.

అప్పుడు లేచింది ఒతీలియా చిగ్వాయ్.
నాచు మరకలు దిగని వేళ్లు.
మైకు తీసుకోలేదు, డైరెక్టరు వైపు చూడలేదు,
తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చింది.
"బాబూ, ఏం రాశావు?"

ఇరవై రెండేళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న.

"సారాంశం, అమ్మా."
"సరే. చదివి వినిపించు."

నీళ్లు నమిలాను.
డైరెక్టరు వాచీ చూసుకున్నాడు.
వద్దని చట్టంలో ఎక్కడా లేదు.
లేచి చదివాను.
నలభై మంది మాటలు, మూడు వాక్యాలు.
చదవడం అయ్యాక వాన చప్పుడొక్కటే మిగిలింది.

"మునిగిన మా తమ్ముడు వలతాళ్లలో చిక్కి
పైకి రాలేదన్నానే, ఏ వాక్యంలో ఉన్నాడు వాడు?"
"అడుగున బురద పేరుకుని
గుల్లలు నోళ్లు తెరిచి చచ్చాయన్నాను, అదో?"
"నేను పంజరాల మీద పనిచేస్తా,"
అన్నాడొక కుర్రాడు, కొంచెం బెదురుగా,
"నాకు జీతం కావాలి. అదీ రాయి."
జనంలో గొణుగుడు.
ఒతీలియా వెనక్కి తిరగనైనా తిరగలేదు.
"రాయి," అంది. "వాడిదీ రాయి."

కొత్త పేజీ తిప్పాను.
వాళ్లు చెప్పారు, నేను రాశాను, చదివాను,
"'బహుశా' అనలేదు నేను, కొట్టేయ్" అన్నారు.
కొట్టేశాను.
ఎవరో ఫ్లాస్కు తెచ్చారు.
మాతే కషాయం ఒకే గొట్టంతో చేతులు మారుతూ
నా దాకా వచ్చింది, డైరెక్టరు దాకా పోయింది.
తాగాడాయన, పాపం, చలి.

మా పటంలో వాళ్ల ఒడ్డుకి పేరు లేదు, అంకె ఉంది.
ఒక ముసలాయన నా పెన్నడిగి తీసుకుని
అంకె పక్కన పేరు రాశాడు,
పోటు వస్తే తడవకుండా
కాస్త ఎగువకి జరిపి.

ఆఖరి పడవ ఎప్పుడో వెళ్లిపోయింది.
నలభై ఒక్క పేజీలు.
ఎప్పుడూ కింద నా సంతకం ఒక్కటే.
ఈసారి చోటు చాలక అట్ట లోపలికీ ఎక్కాయి,
రెండు వేలిముద్రలతో సహా.

లైసెన్సు ఇచ్చారా లేదా అని అడుగుతారు నన్ను.
ఫైలు శాంతియాగోలో ఉంది. ఇంకా అక్కడే ఉంది.
నాకు తెలిసిందల్లా,
ఆ పుస్తకం ఇప్పుడు బీరువాలో లేదు.
ముందుగది బల్ల మీద, తాడు కట్టి,
ఎవరైనా తిప్పి చూసుకునేలా.
అది పడవ ముడి, ఒతీలియా నేర్పింది,
నాకింకా సరిగ్గా రాదు.

నోటీసులు బయటే అంటిస్తున్నాం.
తడిసి ఊడిపోతున్నాయి.
మళ్లీ అంటిస్తున్నాం.