మూడు ఎర్ర మిణుకులు

నల్లపాడు రోడ్డులో మా కారం మిల్లు.
చీపురు వేస్తే చాలు, కారం లేచి
పక్క సైకిలు షాపు దాకా తుమ్ములే తుమ్ములు.
అందుకని కొన్నాను దీన్ని, వైరు లేని వాక్యూమ్‌ని,
పద్నాలుగు వేల మూడొందలు,
చీటీ నష్టానికి పాడుకుని మరీ.

మే నెల పదో తారీకు, మధ్యాహ్నం రెండింటికి
మూడుసార్లు ఎర్రగా మిణికి ఊరుకుంది.
ఛార్జింగు ఎక్కదు.

ముందు ప్లగ్గుని అనుమానించాను.
ఈ ఊళ్లో ఎవరైనా ముందు కరెంటునే తిడతారు.
అదే ప్లగ్గులో నా ఫోను పెడితే బుద్ధిగా తాగింది.
తర్వాత అడాప్టరు. పచ్చచుక్క వెలుగుతోంది, దానికేం రోగం లేదు.
తీగ మెలికలు విప్పి, ఎలక కొరికిందేమోనని
ఈ చివర నుంచి ఆ చివరకి తడుముతూ పోయాను.
మా మిల్లులో ఎలక బతకదు. అయినా చూశాను.
స్విచ్చి పదిసార్లు నొక్కాను, లిఫ్టు రాకపోతే నొక్కినట్టు.

స్టాండు వెనక రెండు ఇత్తడి నాలుకలు,
వాటి మీద సన్నటి ఎర్ర పొర. తేజా రకం, మొన్నటి లోడు.
దొరికాడు దొంగ, అనుకున్నాను.
లెక్కల డబ్బాలోంచి రబ్బరు తీసి రుద్దాను,
రబ్బరు ఎర్రబడింది, నాలుకలు మెరిశాయి,
నాకు ఏడు తుమ్ములొచ్చాయి.
పెట్టాను.
మూడు ఎర్ర మిణుకులు.

పుస్తకం తెరిచాను. పదకొండు భాషలు, మనది లేదు.
బొమ్మలున్నాయి. ఒకదాంట్లో థర్మామీటరు, పక్కన నలభై.
జ్వరం గొడవ మిషనుకెందుకని పేజీ తిప్పేశాను.

అరండల్‌పేటలో రిపేర్లు చేసే జిలానీకి ఫోను చేస్తే
"బ్యాటరీ పోయుంటదక్కా, నాలుగు వేలు, తీసుకురా"
చూడకుండానే చెప్పేశాడు.
నాలుగు వేలంటే ఎన్ని కిలోల ఆడింపో
వేళ్ల మీద లెక్కేస్తూ కూర్చున్నాను.

అప్పుడొచ్చింది నాగూర్‌బీ,
ముక్కు మీద తడిగుడ్డ, కళ్లు మాత్రం బయట,
పంతొమ్మిదేళ్లుగా ఈ మిల్లు ఊడ్చిన మనిషి.
మిషను వచ్చిన మొదటి వారం
దాని వంక కన్నెత్తి చూడలేదు.
ఇప్పుడు దాని పొట్ట మీద అరచెయ్యి ఆనించి
"కాలిపోతంది" అంది.
"జొరంలో ఎవరు తింటారమ్మా?"

నిజమే. రేకుల కప్పు కింద, ఆడే మర పక్కన,
పొద్దుట్నించీ పరుగెత్తించి
ఆ సెగతోనే తినమని కూర్చోబెట్టాను.
పేజీ వెనక్కి తిప్పాను. నలభై.
బయట గుంటూరు నలభై నాలుగు.
లోపల ఎంతో ఎవరూ ఎప్పుడూ కొలవలేదు.

ఆమె దాన్ని చంకనెత్తుకెళ్లి
లెక్కల గదిలో కూజాకి కాస్త ఎడంగా,
తడి తగలకుండా, గచ్చు మీద పడుకోబెట్టింది.
తనూ పక్కనే గోడకి చేరగిలింది.
గుడ్డ విప్పింది.
పంతొమ్మిదేళ్లలో ఆ గదిలో ఆమె కూర్చోవడం
నేను చూడటం అదే మొదలు.
"దీనికి కాపలా ఉండాలిగా" అంది, నేనడక్కపోయినా.

ఐదున్నరకి స్టాండులో పెట్టాం.
ఎరుపు లేదు. కాసేపు ఏమీ లేదు.
తర్వాత ఒక తెల్లటి చుక్క,
వెలుగుతూ, తగ్గుతూ, నిద్రపోయే మనిషి ఊపిరిలాగా.

జిలానీకి చెబుదామనుకుని మర్చిపోయాను.
రాత్రి చిట్టా రాస్తుంటే మాత్రం
ఒకటి గొంతుకి అడ్డంపడింది:
వేడెక్కితే ఇక నావల్ల కాదని చెప్పుకోడానికి
కంపెనీవాళ్లు దానికొక లైటు పెట్టారు.

మర్నాటి నుంచి పన్నెండింటికి మర ఆపుతున్నాం,
మళ్లీ నాలుక్కే.
అడిగినవాళ్లకి బ్యాటరీ కోసమని చెబుతున్నాను.
నాగూర్‌బీ కూడా
అదే చెబుతోంది.